టెర్మ్ వేరియబుల్‌లో ఏ పేరు పెట్టాలి? టెర్మినల్ రకాల పేర్ల కట్టుబాట్లు

మీరు అడిగినదాంట్లో మూడు సంగతులున్నాయి. మీ టీమ్ సొంతంగా రాసుకున్న టెర్మినల్ ఎమ్యులేటర్‌కు (పాత టెర్మినల్ యంత్రంలా పనిచేసే విండో ప్రోగ్రాముకు) కొత్త పేరు పెట్టాలా, లేక ఇప్పటిలాగే ఎక్స్‌టెర్మ్-256కలర్ (ఎక్స్‌టెర్మ్ అనే పాత ఎమ్యులేటర్ 256 రంగుల రూపం) అని చెప్పుకుంటూ నడిపించాలా అన్నది ఒకటి. కొత్త పేరు పెడితే 30 లైన్లు, 256 రంగులు అన్న వివరాలు అందులో ఎక్కడ రావాలన్నది రెండోది. కొత్త పేరుతో సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే హెచ్‌టాప్ కమాండ్ 'ఎర్రర్ ఓపెనింగ్ టెర్మినల్' అంటూ ఆగిపోతోందన్నది మూడోది. మూడింటికీ మూలం ఒకటే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మెషీన్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి, టెర్మ్, కలర్‌టెర్మ్, లైన్స్, కాలమ్స్ అనే వేరియబుళ్ల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో. అక్షరాల లెక్క చెప్పిన చోట అది ఇంగ్లిష్ అక్షరాల లెక్క.

టెర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండేది టెర్మ్‌ఇన్ఫో డేటాబేస్‌లో ఒక ఎంట్రీని వెతికి తీసే తాళంచెవి. కర్సర్‌ను ఎలా జరపాలి, రంగు ఎలా మార్చాలి, హోమ్ కీ నొక్కితే ఏ బైట్లు వస్తాయి అన్నవన్నీ ఆ ఎంట్రీలో ఉంటాయి. విమ్ గానీ హెచ్‌టాప్ గానీ ముందుగా చూసేది ఆ పేరునే. లినక్స్‌లో ఎక్స్‌టెర్మ్ అనే పేరుకు సాధారణంగా /యూఎస్‌ఆర్/షేర్/టెర్మ్‌ఇన్ఫో కింద పేరులోని మొదటి అక్షరంతో ఉన్న డైరెక్టరీలో ఫైల్ ఉంటుంది. డెబియన్, ఉబుంటుల్లో తరచుగా వాడే కొన్ని ఎంట్రీలు మాత్రమే ఎన్‌కర్సెస్-బేస్ ప్యాకేజీతో వస్తాయి, మిగతావి ఎన్‌కర్సెస్-టెర్మ్‌లో ఉంటాయి. మ్యాక్‌లో డైరెక్టరీ పేరు అక్షరం కాదు, ఆ అక్షరపు హెక్స్ కోడ్. ఎక్స్‌కు 78, వీకి 76. పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోని ఫైల్ సిస్టమ్‌లో పెద్ద ఈతో మొదలయ్యే ఈటెర్మ్ ఒక డైరెక్టరీలోకి, చిన్న ఈతో మొదలయ్యేవి మరో డైరెక్టరీలోకి వెళ్లాలంటే రెండూ ఢీకొంటాయి. అందుకే ఆ ఏర్పాటు. మ్యాక్‌లో ఫైల్ కనిపించడం లేదని కంగారుపడే ముందు ఇది చూసుకోండి.

ఈ పద్ధతి బర్కిలీలో బిల్ జాయ్ 1978 ప్రాంతంలో వీఐ ఎడిటర్ కోసం చేసిన టెర్మ్‌క్యాప్‌తో మొదలైంది. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో మార్క్ హార్టన్ టెర్మ్‌ఇన్ఫోను రూపొందించారు. ఇప్పుడు లినక్స్, మ్యాక్‌లలో మనం వాడే డేటాబేస్, ప్రోగ్రాములు తెరమీద గీయడానికి వాడే ఎన్‌కర్సెస్ లైబ్రరీది, దాన్ని థామస్ డిక్కీ నిర్వహిస్తున్నారు. ఒక్కో కంపెనీ ఒక్కో రకం టెర్మినల్ అమ్మిన రోజుల్లో పేర్లకు కట్టుబాటు లేకపోతే డేటాబేస్ చిట్టడవి అయ్యేది. అప్పటి కట్టుబాట్లే నేటికీ నడుస్తున్నాయి.

పేరు మన పేర్లలాగే ఉంటుంది: ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మొదట మూలం, తర్వాత అడ్డగీత, ఆపైన ప్రత్యయం. పాత హార్డ్‌వేర్ టెర్మినళ్లలో కంపెనీ లేదా టెర్మినల్ శ్రేణి పొడిపేరు, మోడల్ నంబర్ కలిసి మూలం అయ్యేవి: డెక్ వారి వీటీ100, వైజ్ వారి డబ్ల్యూవై50, టెలివీడియో వారి టీవీఐ925, హ్యూలెట్ ప్యాకార్డ్ వారి హెచ్‌పీ2621. మూలంలో అడ్డగీత ఉండకూడదు. మొదటి అడ్డగీత కనబడిందంటే మూలం అయిపోయినట్టే లెక్క. అందుకే వీటీ-100 అని విడదీసి రాసినది తప్పు పేరు.

ప్రత్యయం ఆ టెర్మినల్ ఏ మోడ్‌లో ఉందో చెబుతుంది. -డబ్ల్యూ అంటే వెడల్పు మోడ్, సాధారణంగా 132 కాలమ్‌లు. -ఏఎమ్ అంటే లైన్ చివరికి రాగానే తనంతట తానే కింది లైన్‌కు దిగుతుందని, -ఎన్‌ఏఎమ్ అంటే దిగదని. -ఎమ్ అంటే రంగులు లేవు. -ఆర్‌వీ అంటే రంగులు తిరగేసిన తెర. -వీబీ అంటే బెల్ మోగే బదులు తెర ఒకసారి మిణుకుమంటుంది. -ఎస్ అంటే స్టేటస్ లైన్ ఉంది, -ఎన్‌ఎస్ అంటే లేదు. -ఎన్‌ఎల్ అంటే తెర అడుగున ఫంక్షన్ కీల లేబుళ్లు చూపించదు. -ఎమ్‌సీ అంటే హైలైట్ మొదలైన చోటా ముగిసిన చోటా తెరమీద ఒక గడి వృథా అవుతుంది. ఉత్త అంకె వస్తే అది లైన్ల సంఖ్య, అంకె వెనక పీ ఉంటే మెమరీ పేజీల సంఖ్య. -256కలర్, -డైరెక్ట్ లాంటివి 1980ల జాబితాలో లేవు. ఎమ్యులేటర్ల కాలంలో వచ్చి స్థిరపడ్డాయి.

ఒకటికి మించి ప్రత్యయాలుంటే లైన్ల సంఖ్య ముందు రావాలి. 30 లైన్ల, తిరగేసిన తెరకు సరైన రూపం మూలం-30-ఆర్‌వీ. మూలం-ఆర్‌వీ-30 అని రాస్తే ఏ ప్రోగ్రామూ మొరాయించదు గానీ, డేటాబేస్‌లో వెతికేవాళ్లకు దొరకదు.

వీటీ100 ఎంట్రీలు చూస్తే ఇదంతా అర్థమవుతుంది. దాని సోర్స్‌లో మొదటి లైన్ ఇలా ఉంటుంది:

వీటీ100|వీటీ100-ఏఎమ్|డెక్ వీటీ100 (అడ్వాన్స్‌డ్ వీడియోతో),

నిలువు గీతల మధ్య ఉన్నవన్నీ పేర్లే. మొదటిది అసలు పేరు, మధ్యవి మారుపేర్లు, చివరిది మనుషులు చదువుకునే వర్ణన. కట్టుబాటు ప్రకారం వర్ణనలో మాత్రమే ఖాళీలు, పెద్ద అక్షరాలు ఉండొచ్చు (ఈటెర్మ్ లాంటివి మినహాయింపు). అందులో కనీసం ఒక ఖాళీ ఉండేట్టు రాయండి, లేకపోతే సోర్స్‌ను డేటాబేస్ ఫైల్‌గా మార్చే టిక్ అనే కంపైలర్ పాత వెర్షన్లు దాన్ని కూడా మారుపేరు అనుకుంటాయి. వీటీ100-ఎన్‌ఏఎమ్ ఎంట్రీ మళ్లీ మొదటినుంచి రాసింది కాదు. ఏఎమ్, ఎక్స్‌ఈఎన్‌ఎల్ అనే రెండు సామర్థ్యాలను (రెండూ లైన్ చివర ఏం జరుగుతుందో చెప్పేవి) వెనక @ గుర్తు పెట్టి రద్దుచేసి, మిగతాదంతా యూజ్= ద్వారా వీటీ100-ఏఎమ్ నుంచి తెచ్చుకుంటుంది. ఇంకొకటి ఉంది, వీటీ100-ఎన్‌ఏవీ-డబ్ల్యూ. అడ్వాన్స్‌డ్ వీడియో బోర్డు లేని వీటీ100లో 132 కాలమ్‌లు తెరిస్తే మెమరీ 14 లైన్లకే సరిపోయేది, అందుకే ఆ ఎంట్రీలో లైన్లు 24 కాదు, 14. ప్రత్యయం ఉన్నది ఇలాంటి తేడాలు చెప్పడానికే.

పేరులో కూడిక గుర్తు కనబడితే అది టెర్మినల్ కాదు, ముక్క. ఎక్స్‌టెర్మ్+256కలర్, ఈసీఎమ్‌ఏ+కలర్ లాంటివి వేరే ఎంట్రీల్లో యూజ్= ద్వారా కలుపుకోవడానికి రాసినవి. అవి కూడా కంపైల్ అయి డిస్క్ మీద ఉంటాయి, ఎంట్రీల పేర్లు చూపే టో కమాండ్ జాబితాలోనూ కనబడతాయి, అందుకే కొందరు వాటిని టెర్మ్‌లో పెట్టేస్తారు. రంగుల సంగతి ఉంటుంది, కర్సర్ జరిపే సంగతి ఉండదు, దాంతో తెరంతా చెల్లాచెదురవుతుంది.

పొడవు విషయంలో 14 అక్షరాల నియమం ఉంది. తొలి యూనిక్స్ ఫైల్ సిస్టమ్‌లో డైరెక్టరీ ఎంట్రీ 16 బైట్లు. అందులో ఐనోడ్ నంబరుకు 2 పోగా ఫైల్ పేరుకు మిగిలేవి 14. పేరు అంతకంటే పొడవుండొచ్చు గానీ మొదటి 14 అక్షరాల్లోనే మరో పేరుతో తేడా తెలియాలి. ఎక్స్‌టెర్మ్-256కలర్ లెక్కపెట్టండి, సరిగ్గా 14. స్క్రీన్-256కలర్‌కు 15. అది, స్క్రీన్-256కలర్-బీసీఈ రెండూ 14 దగ్గర కత్తిరిస్తే ఒకటే అవుతాయి. ఇప్పటి లినక్స్‌లో దీనివల్ల నష్టం లేదు, పాత సిస్టమ్ V యంత్రాలతో పని పడితేనే ఇబ్బంది. అయినా కొత్త పేరు ఎంచుకునేవాళ్లు 14 లోపల ఉండడమే మంచిదని నా అభిప్రాయం. -256కలర్‌కే 9 అక్షరాలు పోతాయి కాబట్టి మూలం 5 అక్షరాల్లో సరిపెట్టుకోవాలి.

పేరును డేటాబేస్ ఒక్కటే చదువుతుందనుకోవద్దు. ఈమాక్స్ మీ టెర్మ్ విలువతో ఒక లిస్ప్ ఫైల్ వెతుకుతుంది. దొరక్కపోతే చివరి అడ్డగీత నుంచి అటుపక్కదంతా కోసేసి మళ్లీ వెతుకుతుంది. కిట్టీ ఎమ్యులేటర్ వాళ్లు ఎక్స్‌టెర్మ్-కిట్టీ, గోస్టీ ఎమ్యులేటర్ వాళ్లు ఎక్స్‌టెర్మ్-గోస్టీ అని పెట్టుకోవడంలో లాభం ఇదే: ఈమాక్స్ తోక కోసుకుని ఎక్స్‌టెర్మ్ ఫైల్ తెచ్చుకుంటుంది. 'ఎక్స్‌టెర్మ్' అని పేరు మొదట్లో ఉందా అని మాత్రమే చూసే ప్రోగ్రాములు ఇంకా చాలా ఉన్నాయి. డెబియన్ ఇచ్చే బాష్‌ఆర్‌సీలో (బాష్ షెల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైల్) రంగుల ప్రాంప్ట్ రావాలంటే పేరు ఎక్స్‌టెర్మ్-కలర్ అయ్యుండాలి, లేదా చివర -256కలర్ అని ఉండాలి. ఆ షరతుకు అందక ఫుట్, అలాక్రిటీ అన్న ఎమ్యులేటర్ల ఉత్త పేర్లతో లాగిన్ అయినవాళ్లకు ప్రాంప్ట్ తెల్లగా వస్తుంది. ఎల్‌ఎస్ రంగులు నిర్ణయించే డిర్‌కలర్స్‌లో కూడా పేర్ల నమూనాల జాబితా ఉంది. డిర్‌కలర్స్ -పీ కొడితే కనబడుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎక్స్‌టెర్మ్-256కలర్ అని చెప్పుకోవడం వల్ల ఏం చెడుతుంది? ఆ ఎంట్రీలో ఉన్నవన్నీ మీ ఎమ్యులేటర్ నిజంగా చేస్తే ఏమీ చెడదు. చేయకపోతే చెడేవి దాదాపు ఎప్పుడూ ఒకే నాలుగు చోట్ల.

అన్నింటికంటే ఎక్కువగా కనబడేది బీసీఈ. లైన్ చెరిపేటప్పుడు ఖాళీ అయిన భాగానికి ప్రస్తుత బ్యాక్‌గ్రౌండ్ రంగే వస్తుందన్నది దాని అర్థం. ఎక్స్‌టెర్మ్ అలాగే చేస్తుంది, ఎంట్రీ కూడా అదే చెబుతుంది. మీ ఎమ్యులేటర్ మామూలు నలుపుతో చెరిపితే విమ్‌లో నీలం థీమ్ పెట్టినప్పుడు అక్షరాలున్నంతమేర నీలం, లైన్ చివర నల్లటి అతుకులు కనిపిస్తాయి. పేజీ కిందికి జరిపేకొద్దీ అతుకులు పెరుగుతాయి. ఒకే టెర్మినల్‌లో పలు షెల్‌లు నడిపించే జీఎన్‌యూ స్క్రీన్ లోపల టెర్మ్‌ను బలవంతంగా ఎక్స్‌టెర్మ్-256కలర్ చేసినవాళ్లకు కనబడే మచ్చలు కూడా ఇవే, ఎందుకంటే స్క్రీన్ డిఫాల్ట్‌గా బీసీఈ చేయదు.

రెండోది కీలు. ఎక్స్‌టెర్మ్ ఎంట్రీలో హోమ్ కీ అంటే ఎస్కేప్, ఓ, హెచ్. లినక్స్ కన్సోల్, స్క్రీన్, పుట్టీ పంపేది ఎస్కేప్ [1~. పేరు ఒకటి, పంపేది మరొకటి అయితే బాష్ సాధారణంగా రెండింటినీ గుర్తుపడుతుంది కాబట్టి షెల్‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎన్‌కర్సెస్‌తో రాసిన ప్రోగ్రాములోకి వెళ్లాకే హోమ్ పనిచేయదు. 'షెల్‌లో వస్తోంది, ప్రోగ్రాములో రావట్లేదు' అని ఎవరన్నా ముందు ఇదే అనుమానించండి.

మూడోది సీసీసీ. ఎక్స్‌టెర్మ్-256కలర్ ఎంట్రీ, రంగుల పట్టికను ప్రోగ్రాము మార్చుకోవచ్చని కూడా హామీ ఇస్తుంది. మీది అలా మార్చే సీక్వెన్స్‌ను (ఎంట్రీలో దాని పేరు ఇనిట్‌సీ) పట్టించుకోకపోతే రంగులు తప్పుగా వస్తాయి. నాలుగోది ఇటాలిక్. స్క్రీన్ కుటుంబపు ఎంట్రీల్లో ఎస్కేప్ [3ఎమ్ అంటే స్టాండౌట్, మిగతా ప్రపంచానికి అదే ఇటాలిక్. స్క్రీన్ లాంటిదే అయిన టీమక్స్ లోపల టెర్మ్ స్క్రీన్-256కలర్ అయితే ఇటాలిక్ రావాల్సిన అక్షరాలు రంగులు తిరగబడి కనిపిస్తాయి. టీమక్స్-256కలర్ ఎంట్రీ వాడితే పోతుంది. పాత మ్యాక్‌ఓఎస్‌లలో ఆ ఎంట్రీ లేదు, విడిగా వేసుకోవాలి.

బీసీఈ, సీసీసీలలో ఏది తేడాగా ఉన్నా సొంత పేరే పెట్టండి. మీ ఎమ్యులేటర్ పేరు మల్లె అనుకుందాం, ఇంగ్లిష్‌లో 5 అక్షరాలు. సోర్స్ ఫైల్ ఇంతే:

మల్లె|మల్లె టెర్మినల్ ఎమ్యులేటర్,
    బీసీఈ@, యూజ్=ఎక్స్‌టెర్మ్,
మల్లె-256కలర్|మల్లె ఎమ్యులేటర్ 256 రంగులతో,
    సీసీసీ@, ఇనిట్‌సీ@, యూజ్=ఎక్స్‌టెర్మ్+256కలర్, యూజ్=మల్లె,

వరుస ముఖ్యం. ముందు కనబడినదే నిలుస్తుంది, కాబట్టి మీ సవరణలు, రద్దులు అన్నీ యూజ్= కంటే ముందుండాలి. రెండో లైన్ నుంచి మొదట్లో ఖాళీ లేదా ట్యాబ్ తప్పనిసరి, ప్రతి ఫీల్డ్ తర్వాత కామా తప్పనిసరి. టిక్ -సీ తో ముందు తప్పులు చూసుకుని, తర్వాత టిక్ -ఎక్స్ తో కంపైల్ చేయండి. -ఎక్స్ మర్చిపోతే ప్రామాణిక జాబితాలో లేని సామర్థ్యాలు, ఉదాహరణకు వంకర అండర్‌లైన్, రాలిపోతాయి. ఆపైన ఎంట్రీలు పోల్చే ఇన్ఫోసీఎంపీ కమాండ్‌కు ఎక్స్‌టెర్మ్-256కలర్, మల్లె-256కలర్ రెండు పేర్లూ ఇస్తే తేడాలు మాత్రమే చూపిస్తుంది. మీరు ఉద్దేశించిన మూడు రద్దులు (బీసీఈ, సీసీసీ, ఇనిట్‌సీ) కాక ఇంకేం కనబడినా ఆగి చూడండి. రంగుల సంఖ్య కోసం టీపుట్‌కు పెద్ద టీ ఆప్షన్‌తో పేరిచ్చి కలర్స్ అడగండి, 256 రావాలి. ఎంట్రీ చెప్పినట్టు ఎమ్యులేటర్ నడుస్తోందో లేదో ట్యాక్ అనే ప్రోగ్రాము ఒక్కో సామర్థ్యాన్నీ విడిగా పరీక్షిస్తుంది.

30 లైన్ల సంగతి: ఎమ్యులేటర్ పేరులో దాన్ని పెట్టకండి. విండో సైజు ఇప్పుడు కెర్నెల్ చెబుతుంది. ఎన్‌కర్సెస్ లైన్స్, కాలమ్స్ వేరియబుళ్లు, కెర్నెల్ చెప్పిన సైజు చూసి, రెండూ లేకపోతేనే ఎంట్రీలోని సంఖ్య తీసుకుంటుంది. పేరులో అంకె పనికొచ్చేది సీరియల్ లైన్ మీద, అక్కడ ఎస్‌టీటీవై సైజ్ కొడితే 0 0 వస్తుంది కాబట్టి. సీరియల్ కన్సోల్‌కు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) వీటీ220 అన్న పేరు ఇస్తుంది, అందులో 24 లైన్లు. మీది 30 అయితే మల్లె-30 అని లైన్స్#30 తో ఒక ఎంట్రీ రాసి, లాగిన్ ప్రాంప్ట్ చూపే అగెట్టీ కమాండ్ చివరి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వొచ్చు, లేదా లాగిన్ అయ్యాక ఎస్‌టీటీవై రోస్ 30 కాల్స్ 80 అని కొట్టొచ్చు. కొత్త ఎంట్రీ రాసేకంటే రెండోదే తేలిక.

ఇప్పుడు సర్వర్ గొడవ. ఎస్‌ఎస్‌హెచ్ టెర్మ్ పేరును అవతలికి మోస్తుంది, ఎంట్రీని మోయదు. కలర్‌టెర్మ్ లాంటి ఇతర వేరియబుళ్లను కూడా అడిగితే తప్ప మోయదు. కాబట్టి ఎంట్రీ అక్కడ కూడా ఉండాలి. ఇన్ఫోసీఎంపీ -ఎక్స్ మల్లె-256కలర్ అవుట్‌పుట్‌ను పైపులో ఎస్‌ఎస్‌హెచ్‌కు ఇచ్చి, అవతల టిక్ -ఎక్స్ - నడపండి. చివరి అడ్డగీత స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదవమని. కంపైల్ అయిన ఫైల్‌ను కాపీ చేయకండి. 2018లో వచ్చిన ఎన్‌కర్సెస్ 6.1 నుంచి పెద్ద సంఖ్యలున్న ఎంట్రీలకు 32 బిట్ ఫార్మాట్ వాడుతున్నారు, ఎక్స్‌టెర్మ్-డైరెక్ట్ అలాంటిదే. రెడ్‌హ్యాట్ 7లో ఉన్న 5.9 దాన్ని చదవలేదు. సోర్స్ పంపితే ఈ పేచీ చాలావరకు రాదు.

మామూలు యూజర్‌గా టిక్ నడిపితే ఎంట్రీ మీ హోమ్‌లోని .టెర్మ్‌ఇన్ఫోలోకి వెళ్తుంది. సూడో చేయగానే హోమ్ రూట్‌ది అవుతుంది, టెర్మ్ పేరు మాత్రం అలాగే నిలుస్తుంది. ఎంట్రీ కనబడక ప్రోగ్రాము ఆగిపోతుంది. లెస్ అయితే ఆగిపోదు గానీ 'టెర్మినల్ ఈజ్ నాట్ ఫుల్లీ ఫంక్షనల్' అని హెచ్చరిస్తుంది. 'నాకు వస్తోంది, సూడోకు రావట్లేదు' అంటే కారణం ఇదే. సూడోతో టిక్ -ఎక్స్ -ఓ /ఈటీసీ/టెర్మ్‌ఇన్ఫో అని ఒకసారి నడిపితే డెబియన్ కుటుంబంలో అందరికీ అందుతుంది. కంటైనర్లలో ఇంకా తక్కువ ఉంటాయి. ఆల్పైన్‌లో పూర్తి డేటాబేస్ ఎన్‌కర్సెస్-టెర్మ్‌ఇన్ఫో ప్యాకేజీలో ఉంది, అందులోనూ మీ మల్లె ఉండదు. డాకర్ -టీ ఇస్తే టెర్మ్‌ను ఎక్స్‌టెర్మ్ అని తనే పెడుతుంది, ఎక్కువసార్లు దాంతో పని జరిగిపోతుంది.

మీ చేతిలో లేని సర్వర్లకు ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ హోస్ట్ కింద సెట్‌ఎన్వ్ టెర్మ్=ఎక్స్‌టెర్మ్-256కలర్ అని రాయండి. ఇది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7 నుంచి పనిచేస్తుంది. పైన చెప్పిన అతుకులు అక్కడ వరకు భరించాలి.

దయచేసి చేయకూడనిది ఒకటే: బాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ టెర్మ్= అని రాయడం. ఆ లైన్ టీమక్స్ లోపల కొత్త షెల్ తెరిచినప్పుడల్లా, సీరియల్ కన్సోల్‌లో, ఈమాక్స్ లోపలి షెల్‌లో కూడా నడుస్తుంది. ఈమాక్స్ షెల్ తనకు ఏ సీక్వెన్సూ అర్థం కాదని చెప్పడానికే డంబ్ అన్న పేరు పెట్టుకుంటుంది, మీ లైన్ దాన్ని చెరిపేసి తెరమీద ఎస్కేప్ చెత్త పోయిస్తుంది. టెర్మ్ పెట్టాల్సింది ఆ తెరను గీస్తున్న ప్రోగ్రాము: ఎమ్యులేటర్ సెట్టింగుల్లో, టీమక్స్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్-టెర్మినల్ దగ్గర, అగెట్టీ ఆర్గ్యుమెంట్‌లో. మీ బాష్‌ఆర్‌సీలో ఇప్పటికే ఆ లైన్ ఉంటే ముందు అది తీసేసి, కొత్త సెషన్‌లో మళ్లీ పరీక్షించండి. టీమక్స్ సర్వర్‌ను కూడా ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లేకపోతే పాత పేరే పట్టుకుని ఉంటుంది.